మెరుగు క్రింద పుచ్చు

కొన్ని నెలల క్రితం అసర్ నమాజు ముగిశాక ఒక యువ సోదరుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. గుంటూరులో అతనికి ఒక చిన్న షెడ్డు ఉంది. సత్తెనపల్లి, నరసరావుపేట వైపు, ఇటు అద్దంకి, దర్శి, పొదిలి వైపు పల్లెల్లో ఎవరైనా పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే వెళ్ళి అక్కడి కలప సామాను కొంటాడు. పందిరి మంచాలు, భోషాణాలు, పడక కుర్చీలు, కిటికీ రెక్కలు, ద్వారబంధాలు ఏవైనా సరే. వాటి పాత రంగు గీకి, గరుకు కాగితంతో రుద్ది, లక్క పాలిష్ పెడతాడు. కిటికీ చట్రంలో అద్దం బిగిస్తాడు. భోషాణం మీద మెత్త కుట్టి హాలులో కూర్చునే బల్లగా మారుస్తాడు. తలుపు రెక్కకు నాలుగు కాళ్ళు పెడితే అది భోజనాల బల్ల అవుతుంది. ఫోనులో ఫొటోలు చూపించాడు. నిజంగా చూడముచ్చటగా ఉన్నాయి. విజయవాడలో, హైదరాబాద్‌లో కొత్తగా ఫ్లాట్లు కొన్నవారు వీటిని వెతుక్కుంటూ వచ్చి కొంటున్నారట.

“మౌలానా, నా రోజీ హలాలేనా?” అని అడిగాడు. “పాతదాన్ని కొత్తదానిలా చేసి అమ్మడమే నా పని. మొన్న జుమా బయాన్‌లో మీరు మోసం గురించి చెబుతుంటే నా సంగతే చెబుతున్నట్టు అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.”

ఆ వయసులో రోజీ హలాలా కాదా అని నిద్ర పట్టని కుర్రాడు దొరకడమే అరుదు. అందుకే ఒక్క మాటలో ‘జాయిజ్’ అనో ‘నాజాయిజ్’ అనో చెప్పి పంపడం మాకు సబబు అనిపించలేదు. అతనితో జరిగిన సంభాషణలో తేలిన విషయాలు పాఠకులకూ ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటి సంగతి. పాత వస్తువును బాగుచేసుకోవడం ఇస్లాంలో చిన్నతనం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తన చెప్పులు తానే కుట్టుకునేవారని, బట్టలకు మాసికలు తానే వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన నీళ్ళు త్రాగే పాత్ర ఒకటి బీటలు వారితే దాన్ని పారవేయలేదు. బీట ఉన్నచోట వెండి తీగతో బిగించారు. ఆ పాత్ర తరువాతి కాలంలో హజ్రత్ అనస్ (రజి) దగ్గర ఉండేదని సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ మైమూనా (రజి) స్వేచ్ఛనిచ్చిన ఒక స్త్రీకి దానంగా వచ్చిన మేక చనిపోతే, దాని తోలు తీసి పదును పెట్టి వాడుకోలేదేమని ఆయన (సఅసం) అడిగారు. చచ్చినది కదా అంటే, తినడమే నిషిద్ధమని చెప్పారు. ఇంట్లో పరుపుల గురించి కూడా ఒక హదీసు ఉంది. భర్తకు ఒకటి, భార్యకు ఒకటి, అతిథికి ఒకటి, నాలుగవది ఉంటే అది షైతానుదని దాని భావం. అవసరం లేని కొత్త సామానుతో ఇల్లు నింపడం ఇస్రాఫ్. ఉన్నదాన్ని బాగుచేసి వాడుకోవడం దానికి విరుగుడు. ఇక ఇల్లు అందంగా ఉండాలని కోరుకోవడం పాపం కాదు. దాసుల కోసం తాను సృష్టించిన అలంకరణను నిషేధించినదెవరని అల్లాహ్ స్వయంగా ఆరాఫ్ సూరాలో ప్రశ్నిస్తున్నాడు.

అసలు ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. ప్రత్తి పండే ఈ నేలమీద మన నూర్‌బాషా సోదరులు, జనం దూదేకులవారని పిలిచేవారు, తరతరాలుగా చేసింది ఇదే కదా! విల్లు భుజాన వేసుకొని వీధుల్లో తిరిగేవారు. ఏళ్ళ తరబడి వాడి గట్టిపడి, ఉండలు కట్టిన పరుపును ఇంటివాళ్ళు అరుగు మీద వేస్తే, దాన్ని విప్పి, ఆ దూదిని ఏకి, దుమ్ము పోగొట్టి, మళ్ళీ పొంగేలా చేసి అదే పరుపులో కూరి కుట్టేవారు. ఇంటి ఇల్లాలు ఎదురుగా కూర్చొని చూసేది. లోపలికి వెళ్ళింది తన పాత దూదే, బయటికి వచ్చిందీ అదే. ఆమె డబ్బు ఇచ్చింది అతని కష్టానికి. ఇందులో దాచడానికి ఏముంది? ఫోము పరుపులు, యంత్రాలు వచ్చాక ఆ విల్లు చప్పుడు చాలా ఊళ్ళలో వినపడటం లేదు. కానీ ఆ రోజీ ఎంత శుభ్రమైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తోచదు. అదే పాత దూదిని మధ్యలో కూరి, పైనా క్రిందా కొత్త దూది పొర పరచి, కొత్త పరుపని దుకాణంలో అమ్మితే? చేసిన పని ఒకటే, పనిముట్టు ఒకటే, దూది ఒకటే. ఒకటి హలాల్, మరొకటి హరామ్.

ఇది వినగానే ఆ సోదరుడు “నేను కొత్తదని ఎప్పుడూ చెప్పను మౌలానా. పాతదనే చెబుతాను. పాతదనే వాళ్ళు కొంటారు” అన్నాడు.

నిజమే. మరి నిద్ర ఎందుకు పట్టలేదు? కాసేపు ఆగి అసలు విషయం చెప్పాడు. ఒక పందిరి మంచం కొన్నాడట. మూడు కోళ్ళు గట్టిగా ఉన్నాయి, నాలుగవ దానికి పుచ్చు పట్టింది. టేకులో చేవ ఉన్న భాగాన్ని పురుగు అంత తేలికగా ముట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్లటి పొరను తింటుంది. పైన గుండుసూది బెజ్జాలే కనబడతాయి, లోపల పిండి అయి ఉంటుంది. ఇతడు ఆ బెజ్జాలను రంపపు పొడి, ఫెవికాల్ కలిపిన ముద్దతో నింపి, లప్పం పూసి, రుద్ది, రంగు కలిపిన పాలిష్ మూడు పొరలు వేశాడు. తన కంటికే తెలియనంత బాగా కుదిరింది. కూతురు పెళ్ళికి పెట్టడానికి ఒక తండ్రి ఆ మంచం కొనుక్కుపోయాడు. ఆయన అడగలేదు, ఇతడు చెప్పలేదు.

ఇక్కడ మనం ఎన్నోసార్లు విన్న హదీసు ఒకటి ఉంది. విన్నదే కదా అని దాటిపోకుండా నిదానంగా చూడాలి. దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. మరి జనం చూసేలా తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడితో తనకు సంబంధం లేదని ప్రకటించారు. గుంటూరు మిర్చి యార్డుకు ఒక్కసారి వెళ్ళినవారికైనా ఈ దృశ్యం కళ్ళ ముందు కదులుతుంది. కొనేవాడు టిక్కీ మూతి విప్పి అడుగుదాకా చేయి పోనిచ్చి చూసేది దీనికే. నీళ్ళు చల్లితే కాయకు బరువు వస్తుంది, ఎరుపు నిగనిగలాడుతుంది. లోపల బూజు పట్టి విషం తయారవుతుంది.

ఈ హదీసులో మేము చాలా ఏళ్ళు గమనించని ఒక విషయం ఉంది. ఆ ధాన్యాన్ని తడిపింది అమ్మేవాడు కాదు, వాన. లోపం కలిగించింది అతను కాదు కనుక ఆ లోపానికి అతనిమీద నింద లేదు. దైవప్రవక్త (సఅసం) అడిగింది తడి గురించి కాదు, తడిసినది ఎక్కడ పెట్టావన్నది. మంచం కోడును తిన్నది ఈ కుర్రవాడు కాదు, పురుగు. దాన్ని పొడితో పూడ్చి రంగు క్రిందికి తోసింది మాత్రం అతని చేయి. పైగా వర్షపు నీరు అక్కడితో ఆగుతుంది. ఈ పురుగు ఆగదు. లోపల బ్రతికి ఉంటే రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ పెళ్ళికూతురి ఇంట్లో మిగతా కోళ్ళనూ, ప్రక్కనున్న మరో కలపనూ పట్టుకుంటుంది. అప్పుడు అత్తవారింట్లో మాటపడేది ఆ అమ్మాయి.

“అలాగైతే పాలిష్ వేయడమే మోసమా?” అన్నాడు అతను. కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొందరు అన్నీ మోసమేనని నిరాశపడి, ఎలాగూ పాపమే కదా అని విచ్చలవిడిగా చేస్తారు. మన ఫుఖహాలు ఐబు అంటే ఏమిటో ఎంతో తేలికగా అర్థమయ్యే కొలత ఇచ్చారు. ఆ వ్యాపారం తెలిసినవారి ఆనవాయితీలో దేనివల్ల వస్తువు ధర తగ్గుతుందో అది ఐబు అని హిదాయాలో ఉంది. గట్టి టేకు మీద గీతలు పోయేలా రుద్ది మెరుగు పెడితే ధర తగ్గదు, పెరుగుతుంది. అది నీ కష్టం, అది జీనత్. పాత మేకు బెజ్జం పూడ్చితే ఎవరూ పట్టించుకోరు, పాత తలుపుకు మేకు బెజ్జాలు ఉంటాయని అందరికీ తెలుసు. పుచ్చిన కోడు సంగతి తెలిస్తే మాత్రం ధర సగానికి పడుతుంది. వేప చెక్కకు రంగు వేసి టేకు అంటే అది ఐబు దాచడం కూడా కాదు, పచ్చి అబద్ధం. ఈ మధ్య దీనికి విరుద్ధమైన వింత కూడా మొదలైంది. కొత్త చెక్కనే గీతలు పెట్టి, మసి రుద్ది, జమీందారుల కాలం నాటిదని అమ్ముతున్నారు. పాతదనానికి విలువ పెరిగేసరికి మోసం దిశ మార్చుకుంది, అంతే.

రంగు అనేది స్వతహాగా నేరం కాదు గానీ, నేరం తరచూ తొడుక్కునే చొక్కా మాత్రం అదే. పాలు పితకకుండా రెండు రోజులు పొదుగు బిగగట్టి, నిండుగా కనబడేలా చేసి పశువును అమ్మడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. అందులో అమ్మేవాడు నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదు. పొదుగే అబద్ధం ఆడింది. మన మిర్చి సంగతే చూడండి. సూడాన్ రంగు కలిసిన మిరప పొడి ఐరోపాలో దొరికాక 2003లో అక్కడ మిరప సరుకుకు పరీక్ష తప్పనిసరి చేశారు. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన పొడి వాడిన వందలాది ఆహార పదార్థాలను దుకాణాల నుండి వెనక్కి తెప్పించారు. ఎవరో కొందరు ఎరుపు పెంచుకోవాలని చేసిన పనికి, ఏ రంగూ కలపని రైతు కాయ మీద కూడా అనుమానం పడింది.

ఆ సోదరుడు మంచి ప్రశ్న వేశాడు. “ఎలా ఉన్నది అలాగే తీసుకోండి, తర్వాత నాకు సంబంధం లేదని ముందే చెప్పేస్తే?” మన హనఫీ ఫిఖ్హ్‌లో అలా ఐబుల నుండి తాను విముక్తుడనని షరతు పెట్టి అమ్మితే బేరం చెల్లుతుంది. కొన్నవాడు తర్వాత తిరిగి ఇవ్వలేడు. కాని ఖాజీ ముందు చెల్లడం వేరు, అల్లాహ్ ముందు నిలబడడం వేరు. తెలియని లోపానికి ఆ మాట ఒక రక్షణ. కోడు గుల్ల అని తెలిసి, మూడు పొరల రంగు స్వయంగా వేసి, ఆపైన ‘ఎలా ఉన్నది అలాగే’ అంటే ఆ మాటకు అర్థమేముంది? ఉన్నది ఉన్నట్టు అతను చూడకుండా చేసింది నువ్వే కదా! అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి లోపాలు బయటపెడితే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. ఇమామ్ అబూహనీఫా (రహ్మతుల్లాహి అలైహి) స్వయంగా బట్టల వ్యాపారి. లోపమున్న ఒక వస్త్రం గురించి కొనేవారికి తప్పక చెప్పమని భాగస్వామికి చెప్పి పంపారు. ఆయన మరచిపోయి అమ్మేశారు. కొన్నదెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు.

మాటల మధ్యలో ఆ కుర్రవాడు ఒక సంగతి చెప్పాడు. ఒకసారి భోషాణం అడుగున రహస్య అరలో వెండి కడియం దొరికితే, బస్సెక్కి వెళ్ళి ఆ ఇంటివాళ్ళకు ఇచ్చి వచ్చాడట. మాకు ఎంతో సంతోషం కలిగింది. “కడియం తిరిగి ఇచ్చినవాడివి, పుచ్చు ఎందుకు దాచావయ్యా?” అంటే తల వంచుకున్నాడు. మనిషి అంతే. ఇతరుల సొమ్ము చేతికి తగిలితే వెంటనే గుర్తుపడతాము. ఇతరులకు చెప్పవలసిన మాట మన నోట్లో ఆగిపోతే అది కూడా వారి సొమ్మేనని తట్టదు.

ఇక్కడిదాకా అతను అడిగినది అమ్మకం గురించే. కొనుగోలు గురించి అడగలేదు. మేమే ఎత్తాము. మా దృష్టిలో కష్టమైనది అదే.

మన ప్రాంతంలో పాత కలప ఎప్పుడు బయటికి వస్తుంది? అన్నిసార్లూ కొత్త ఇల్లు కట్టుకునే సంతోషంలో రాదు. 1987 ప్రాంతంలో తెల్లదోమ ప్రత్తిని తినేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను రాల్చేసింది. అలాంటి ఏడాది ఒక వృద్ధురాలు భోషాణం అమ్ముతుంటే, ఆమె కంటికి అది చోటు ఆక్రమించిన పాత పెట్టె. కొనేవాడి కంటికి అది చేవదేరిన బర్మా టేకు, ఇత్తడి పట్టీలు. ఆమె రెండు వేలు చాలంటుంది. అతను మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాడు. ఎవరైనా అబద్ధం చెప్పారా? లేదు. షరీఅత్ లాభానికి ఇంత అని హద్దు గీయలేదు. ధరలు నిర్ణయించమని సహాబీలు కోరినా దైవప్రవక్త (సఅసం) నిర్ణయించలేదు. తెచ్చిన లారీ బాడుగ, వారం రోజుల చాకిరీ, చేతిలోని విద్య, వీటన్నిటికీ ధర కట్టుకునే హక్కు కొనేవాడికి ఉంది. మోసపుచ్చే మాటలు లేకుండా కేవలం తక్కువ ధరకు కొన్నంత మాత్రాన హనఫీ ఫిఖ్హ్‌లో ఆ బేరం రద్దు కాదు కూడా. ఫత్వా ఇంతవరకే.

కాని ఫత్వా ఒకటి, తఖ్వా ఒకటి. ఒక స్త్రీ పట్టు వస్త్రం తెచ్చి వందకు అమ్ముతానంటే, ఇమామ్ అబూహనీఫా (రహ్మతుల్లాహి అలైహి) ఇది అంతకంటే విలువైనదని చెప్పారు. ఆమె ఇంకో వంద పెంచింది. ఇంకా ఎక్కువే అన్నారు. అలా నాలుగు వందలదాకా వచ్చాక, తనను ఎగతాళి చేస్తున్నారేమోనని ఆమె అనుమానించింది. ధర తెలిసిన మనిషిని పిలిపించి చివరికి ఐదు వందలకు కొన్నారు. కొనేవాడే ధర పెంచిన బేరం అది. దీన్ని ప్రతి వ్యాపారి మీద వాజిబ్ అని మేము అనలేము. అలా అంటే షరీఅత్ మోపని బరువు మోపినవారమవుతాము. కాని ఆ వృద్ధురాలు నీ తల్లి అయి ఉంటే, కొనడానికి వచ్చినవాడు ఏం చేయాలని నువ్వు కోరుకుంటావని మాత్రం అతన్ని అడిగాము.

అడిగిన తర్వాత మాకు మా సంగతే గుర్తుకు వచ్చింది. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నా చెప్పవలసిందే. కొన్నేళ్ళ క్రితం మేము ఇమామత్ చేసిన ఊళ్ళో మసీదు తిరిగి కట్టారు. కమిటీలో మేమూ ఉన్నాము. పాత ద్వారాలు, తలుపులు, దూలాలు ఒక ప్రక్కన పడేసి ఉంటే, ఒక వ్యాపారి వచ్చి వంటచెరకు ధర కంటే కాస్త ఎక్కువిచ్చి తీసుకుపోయాడు. స్థలం ఖాళీ అయిందని అందరం సంతోషించాము. ఆ తలుపుల టేకు విలువ గురించి ఒక వడ్రంగిని కూడా అడగలేదు. మదర్సాలో మేము చదివినదే, తర్వాత మరొకరికి చెప్పినదే, ఆ రోజు గుర్తు రాలేదు. 1869–1876 మధ్య ఉస్మానీల పాలనలో హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కూర్చిన ‘మజల్లా’లో స్పష్టంగా ఉంది. మామూలు మనిషి తన సొమ్ము బాగా తక్కువకు అమ్ముకుంటే అది అతని నష్టం, బేరం నిలుస్తుంది. అనాథల సొమ్మును, వక్ఫ్ సొమ్మును అలా అమ్మితే మోసపు మాట ఒక్కటీ లేకపోయినా ఆ అమ్మకం చెల్లదు. మాది వక్ఫ్ సొమ్ము. ఆ వ్యాపారి ఎవరో, ఆ తలుపులు ఏ ఇంట్లో ఏ బల్లగా మారాయో తెలుసుకునే దారి లేదు. అనుభవమున్న ఒక వడ్రంగి పెద్దాయనకు కొలతలు చెప్పి అంచనా కట్టించాము. తేడా మేము అనుకున్నదానికంటే చాలా ఎక్కువ వచ్చింది. దాన్ని నెలకు కొంత చొప్పున ఆ మసీదు పద్దులో జమ చేస్తున్నాము. ఇంకా పూర్తి కాలేదు. మసీదులు తిరిగి కడుతున్న కమిటీల సోదరులారా, పాత కలపను అమ్మేముందు తెలిసినవారికి చూపించండి. నలుగురికి చెప్పి వేలం వేయండి.

ఆ యువకుడికి రెండు పనులు చెప్పాము. మంచం కొన్న తండ్రిని వెతికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, తిరిగి ఇస్తానంటే తీసుకోవడం, ఉంచుకుంటానంటే ధర తగ్గించడం. ఇకముందు పుచ్చు, చెద, బీట ఉన్న చోటు చేత్తో తాకి చూపించి అమ్మడం. ఆ తండ్రి ఫోన్ నంబరు అతని దగ్గర ఉంది. వెళ్ళడానికే భయపడ్డాడు. వారం తర్వాత వెళ్ళాడట. ఆయన ముందు కోపగించి, తర్వాత మంచం తిరిగి ఇచ్చేశారు. పెళ్ళి ఇంకా కాలేదు కాబట్టి వేరే కొనుక్కున్నారు.

ఇటీవల గుంటూరు వెళ్ళినప్పుడు ఆ షెడ్డుకు వెళ్ళాము. పందిరి మంచం అక్కడే ఉంది. పుచ్చిన కోడును అడుగునుండి మూరెడు కోసేసి, దానికి కొత్త టేకు ముక్క అతికాడు. మిగిలిన మంచమంతా మెరుస్తోంది, ఆ అతుకు దగ్గర మాత్రం రంగు వేయలేదు. పాతది నల్లగా, కొత్తది పసుపుగా దూరం నుండే తెలుస్తోంది. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి, అదేమిటని అడిగి, ధర తగ్గించమని వెళ్ళిపోయారట. “ఇంకా పోలేదు మౌలానా” అన్నాడు, దాని మీద దుమ్ము తుడుస్తూ.